అవ్వ ఇంట్లో రాడాన్

నా పీహెచ్‌డీ ఉప్పు మీద. ఈ మాట ఎవరికి చెప్పినా, ఇంకా ఏదో చెబుతానేమోనని కాసేపు నా మొహంలోకి చూస్తారు. చెప్పడానికి ఇంకేమీ లేదు. ఉప్పును కొలిమిలో కరిగించి పెద్ద స్ఫటికాలుగా పెంచి, వాటిమీద ఎక్స్ కిరణాలు పడేస్తే తెల్లటి ఉప్పు పసుపుపచ్చగా మారుతుంది. ఎందుకు మారుతుందో తేల్చడానికి నాకు ఆరేళ్లు పట్టింది. పాలమూరు పక్క పల్లెలో గొర్లు కాసుకునే మా బాపు సంగతంతా ఓపిగ్గా విన్నాడు. విని, "ఉప్పు పాడైతె పచ్చగైతదని మీ అమ్మ గూడ చెప్తది గదరా. ఆరేండ్లు ఏం జేసినవ్?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా సిద్ధాంత గ్రంథంలో కూడా జవాబు లేదు.

తర్వాత ఈ జిల్లాల్లోనే ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరికింది. చేరిన మూడో ఏడు ప్రయోగశాలలో కొలిమి చెడిపోయింది. బాగుచేయించమని పెట్టిన కాగితం ఎవరి బల్లమీద ఏ కాగితాల కింద నిద్రపోయిందో గాని, తెలంగాణ వచ్చింది, బోర్డులమీద పేర్లు మారాయి, జిల్లాలు ముక్కలై చిన్నవయ్యాయి, కొలిమి మాత్రం చల్లగా అట్లాగే ఉంది. కొలిమి లేకుండా, ఫైలు కదలకుండా చేయగలిగే ఫిజిక్స్ ఏదైనా ఉందా అని వెతుక్కుంటే రాడాన్ దొరికింది.

రాడాన్ అంటే ఒక వాయువు. మా నల్లగొండ, పాలమూరు గుట్టల రాళ్లలో యురేనియం కొంచెం కొంచెం ఉంటుంది. అది కోట్ల ఏళ్లుగా మెల్లమెల్లగా విరిగిపోతూ ఉంటే, ఆ దారిలో ఒకచోట ఈ వాయువు పుట్టి నేలలోంచి పైకి వస్తుంది. రంగుండదు, వాసన ఉండదు. బయట గాలిలో కలిసిపోతే ఏ బాధా లేదు. కిటికీ లేని ఇంట్లో పోగైతే మాత్రం ఏళ్ల తరబడి పీల్చినవాళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇది విని మా ఆవిడ, "కండ్లకు కనవడది, ముక్కుకు తెల్వది. ఉన్నదో లేదో నువ్వు చెప్తెనే మేము నమ్మాలె. మంచి కొలువే దొరికింది నీకు" అంది. ఆమెకు నా మీద గౌరవం లేక కాదు. పెళ్లినాటి నుంచీ నన్ను అసోసియేట్ ప్రొఫెసర్‌గానే చూసి విసిగిపోయింది.

అసలు బాధ అక్కడే ఉంది. నా తర్వాత చేరినవాళ్లు కూడా ప్రొఫెసర్లయిపోయారు. పెళ్లి పత్రికల్లో వాళ్ల పేర్ల ముందు ఆ మాట అచ్చయి కనిపిస్తే నాకు కడుపు మండేది. పైకి మాత్రం "పదవులదేముంది, పని ముఖ్యం" అనేవాణ్ని. అంత పచ్చి అబద్ధం నేను ఏ పరిశోధన పత్రంలోనూ రాయలేదు.

రాడాన్‌ను కొలవడానికి పెద్ద యంత్రమేమీ అక్కరలేదు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బీ, దాని అడుగున చిన్న ఫిల్మ్ ముక్క. డబ్బీని ఇంట్లో గోడకు దూరంగా, పైకప్పు నుంచి వేలాడగట్టి మూడు నెలలు వదిలేయాలి. రాడాన్ పరమాణువు విరిగినప్పుడల్లా ఆ ఫిల్ముకు ఒక గాటు పడుతుంది. తర్వాత దాన్ని తెచ్చి కాస్టిక్ సోడా నీళ్లలో వెచ్చబెట్టి, సూక్ష్మదర్శిని కింద గాట్లు లెక్కపెట్టాలి. అంతే. కష్టమంతా ఆ మూడు నెలలు డబ్బీని ఎవరూ కదపకుండా ఉండటంలోనే ఉంది.

దేవరకొండ అవతల, అమ్రాబాద్ అడవికి పోయే దిక్కున కొన్ని పల్లెలు ఎంచుకున్నాను. జనం నా డబ్బీలను ఆదరించిన తీరే వేరు. ఒకరు దిష్టి గుమ్మడికాయ పక్కన కట్టి పసుపూ కుంకుమా పెట్టారు. ఒక కొత్త జంట అది కెమెరా అనుకుని మూడు నెలలూ దానిమీద తువ్వాల కప్పి ఉంచింది. ఒక ఇంట్లో డబ్బీ కనిపించకపోతే అడిగాను. "బర్రె పాలియ్యకపాయె సారూ, దాని మెడకు గట్టినం. ఇప్పుడు మంచిగిస్తాంది" అన్నారు. ఆ బర్రె మెడలోంచి డబ్బీ విప్పుతుంటే ఆ ఇంటి మనుషులు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ పల్లెల్లో ఒకదానిలోనే అవ్వ ఇల్లు. డెబ్బై దాటిన మనిషి, బక్కగా, నిటారుగా ఉండేది. కొడుకూ కోడలూ అదే వాకిట్లో రేకుల ఇల్లు వేసుకున్నారు. అవ్వ మాత్రం పాత రాతి ఇంట్లోనే ఉంటానని మొండికేసింది. గుట్టరాళ్ల గోడలు, మట్టి నేల, ఒకే తలుపు, కిటికీ లేదు. నేను డబ్బీ కడుతుంటే కింద నిలబడి అడిగింది.

"ఇదేం జేస్తది సారూ?"

"ఏం జెయ్యదవ్వా. మూడు నెలలు ఊకెనే ఉంటది."

"మా ముసలోడు గూడ గంతే. సచ్చేదాక గా అరుగుమీద ఊకెనే ఉన్నడు."

నవ్వేసి, ఇంటింటా చెప్పే పాఠమే ఆమెకూ చెప్పాను. "జర పైలమవ్వా. ఎలుకలు కొరకొద్దు, పిల్లలు ముట్టొద్దు. ఇది పోతె నా కొలువు పోతది." కొంచెం ఉప్పూ కారం చల్లకపోతే ఎవరూ పట్టించుకోరని నా అనుభవం. అవ్వ మాత్రం చేతులు నడుముకు పెట్టుకుని, "నీ కొలువుకేం గాదు, నేనున్న గద" అంది.

మూడు నెలల తర్వాత పోతే డబ్బీ కట్టినచోటే ఉంది. దుమ్ము కూడా లేదు. అందరికంటే బుద్ధిమంతురాలు అనుకున్నాను.

ప్రయోగశాలలో ఆమె ఫిల్మును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి కుర్చీలోంచి లేచాను. మిగతా ఇళ్ల ఫిల్ములమీద అక్కడక్కడా గాట్లుంటే, ఇది జల్లెడ లెక్క ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాను. రెండు రోజులు అదే పని. మిగతా ఇళ్లన్నీ కలిపినా ఆ ఒక్క ఇంటి రాడాన్‌కు సరిపోవు. ఎంతో కాలంగా ఉప్పూ రాళ్లూ గోక్కుంటూ బతికినవాడికి ఒక్కసారిగా నిధి దొరికింది. ఆ ఇంటిమీదే పత్రం రాశాను. నేల కింద ఏదో పగులుందని, దానిలోంచి వాయువు తన్నుకొస్తోందని బొమ్మలు కూడా గీశాను. ఆ పగులును నేను చూడలేదు. ఊహించాను. మా శాస్త్రంలో దాన్ని నమూనా అంటారు.

పత్రం పరిశోధన పత్రికవాళ్ల దగ్గర ఏడాది నానింది. మరుసటి ఎండాకాలం చివర అచ్చుకు ఒప్పుకున్నామని ఉత్తరం వచ్చింది. అప్పటికి గాని నాకు ఒక సంగతి తట్టలేదు. అంత రాడాన్ ఉన్న ఇంట్లో మనిషి ఉంటోంది కదా, ఆమెకు చెప్పొద్దా? పత్రం విదేశాలకు పోయింది గాని కబురు దేవరకొండ దాటలేదు. సిగ్గుపడి, బస్సెక్కి వెళ్లి, చావు కబురు చల్లగా చెప్పాను.

"అవ్వా, నీ ఇంట్ల ఒక చెడు గాలి ఉన్నది. గోడకు కిటికీ కొట్టియ్యాలె. అప్పటిదాక లోపల పండకు."

అవ్వ గోడకు వేలాడుతున్న ముసలాయన ఫొటో చూపించింది. "ఊపిరితిత్తులు కరాబైనయన్నరు దవాఖానల. గీ గాలితోనేనా పోయిండు?"

అప్పుడు "తెల్వదవ్వా" అంటే సరిపోయేది. అదే నిజం. కానీ నా బొమ్మల్లోని పగులు, ఆ ఫిల్ముమీది గాట్లు అన్నీ బుర్రలో తిరుగుతున్నాయి. పెద్ద పండితుడిలా తలాడించి, "అయ్యుండొచ్చు" అన్నాను. ఆ ఒక్క మాటకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

పదిహేను రోజులకు ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది, వచ్చే సోమవారం. తెరమీద చూపించడానికి ఆ ఇంటి ఫొటో ఉంటే బాగుంటుందనిపించింది. ఎందుకైనా మంచిదని మళ్లీ కొలవడానికి కొత్త డబ్బీ ఒకటి పట్టుకుని మంగళవారం వెళ్లాను. గోడమీది ఫొటో తప్ప అవ్వ సామానంతా వాకిట్లోకి వచ్చేసింది. పొయ్యి బయటే, కుండలు బయటే, మంచం మేకల కొట్టంలో.

"రేకుల ఇంట్ల పండొచ్చు గదవ్వా?" అన్నాను.

"కోడలు దినమంత టీవీ పెడ్తది. దానికన్న మేకలు నయం" అంది. తర్వాత గొంతు తగ్గించి, "బీడీలు తాగి తాగి పానం తీసుకుంటున్నవని ఆయనను నలభై ఏండ్లు తిట్టిన సారూ. ఇల్లే పానం తీసిందని నాకేమెరుక? పదిహేను దినాల సంది పొద్దున లేవంగనే గడప బయటనే నిలవడి ఆయనకు దండం బెట్టి, తప్పైంది ముసలోడా అంటున్న" అంది.

నేను ఫొటోలు తీసుకుంటూ ఊఁ కొట్టాను. కొత్త డబ్బీ చేతికిచ్చాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పోయినేడు లెక్క పాతర్ల పెడ్దామంటె గీ యేడు పాతర నింపనేలేదు. మరి దీన్నేడ పెట్టాలె?"

"పాతర్లనా?"

"ఆఁ! నీ కొలువు సామానాయె. ఎలుకలు తిరిగే ఇంట్ల ఎట్లిడుస్త? నువ్వు పోయిన మర్నాడే జొన్నల పాతర మూస్తుంటిమి. జొన్నలమీద పెట్టి మూత బెట్టి మన్ను మెత్తినం. నువ్వు చెప్పిన మూడు నెలలు లెక్కబెట్టి, నువ్వొచ్చే ముందటి దినం పాతర తీపిచ్చి, తుడిచి, ఉన్నకాడ కట్టిన." ఆమె మొహం వెలిగిపోతోంది. "ఎవ్వలన్న ముట్టిన్రా? ముట్టలే!"

పాతర అంటే వాకిట్లో మనిషి లోతు తవ్విన గొయ్యి. జొన్నలు పోసి, పైన గాలి చొరకుండా మట్టితో మూసేస్తారు. తెరిచాక పూటసేపు ఆగి, ముందు దీపం దించి చూసి గాని మనిషిని దించరు. ఈ సంగతి గొర్లు కాసే మా ఇంట్లో అక్షరం ముక్క రానివాళ్లకు కూడా తెలుసు. భూమిలో తవ్విన గొయ్యిలో, మూడు నెలలు గాలాడకుండా ఫిల్ము ఉంటే గాట్లు పడక ముత్యాలు పడతాయా? నా పగులూ నా నమూనా అన్నీ ఆ పాతరలో కూలిపోయాయి. అరుగుమీద కూలబడ్డాను. అవ్వ ఎండదెబ్బనుకుని మజ్జిగ తెచ్చిచ్చింది.

అక్కడే, ఆ మజ్జిగ తాగుతూనే, చెప్పేయాల్సింది. "అవ్వా, తప్పు నాది, ఇంట్ల ఏం లేదు, లోపలికి పో" అని ఒక్క మాట. నోటిదాకా వచ్చింది. సోమవారం గుర్తొచ్చింది. మింగేశాను. గ్లాసు కడిగిచ్చి, బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

మూడు రోజులు నేను ఫిజిక్స్ మానేసి వకాలతు మొదలుపెట్టాను. పాతర ఎక్కడుంది? వాకిట్లో. వాకిలి ఎవరిది? ఇంటిది. మరి పాతర ఇంట్లో భాగం కాదా? పత్రంలో "ఇంటి ఆవరణ" అని ఒక్క మాట మారిస్తే అబద్ధం ఎట్లా అవుతుంది? గాట్లు నిజం, లెక్క నిజం. ఈ వాదనంతా ఒకసారి మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ, తలెత్తకుండా, "గదంత మంచిగనే ఉన్నది. మరి గా ముసలమ్మ ఏడ పంటాంది?" అని అడిగింది. చిక్కుడుకాయలు తుంచేవాళ్లతో వాదించకూడదు.

శుక్రవారం పొద్దున తొలకరి దంచికొట్టింది. ఎన్నో ఏళ్లకు అంత మంచి వాన. ఊరంతా సంబరపడుతుంటే నాకు మాత్రం మేకల కొట్టం పైకప్పు గుర్తొచ్చింది. తుంగగడ్డి కప్పు. కుట్టి ఎన్నేళ్లయిందో.

బస్సులో కూర్చుని ఫోనులోనే పత్రికవాళ్లకు ఉత్తరం రాశాను. కొలత తప్పు, పత్రం అచ్చు వేయొద్దు, వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను నేను నమ్మను కాబట్టి బస్సు దిగకముందే పంపేశాను. ఆ ఉత్తరం ఫలితం ఇక్కడే చెప్పేస్తాను. సోమవారం ఇంటర్వ్యూలో బయటి నుంచి వచ్చిన పెద్దాయన నా దరఖాస్తు తిప్పి, "మీ ముఖ్యమైన పత్రం ఏదీ?" అన్నాడు. "వెనక్కి తీసుకున్నాను సార్. డబ్బీ జొన్నల పాతరలో ఉండింది" అన్నాను. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఏడు నాకు రాలేదు. ప్రొఫెసర్ అయ్యేసరికి ఇంకో నాలుగేళ్లు పట్టింది, అదీ ఎవరూ చదవని మామూలు పత్రాలతో.

వానలో బస్సు దిగి అవ్వ వాకిట్లో కాలు పెట్టేసరికి గొడవ గొడవగా ఉంది. వాన పడగానే మేకలు తాడు తెంపుకుని తలుపు తెరిచున్న రాతి ఇంట్లో దూరాయి. కొట్టంలో నీళ్లు కారుతున్నాయి. అవ్వ తలమీద గొంగడి కప్పుకుని, గడప బయటే వానలో నిలబడి, లోపలికి పోలేక అరుస్తోంది.

"బయటికి రాన్రే! సస్తరే! మీకు పుణ్యముంటది, రాన్రే!"

అవి దర్జాగా పడుకుని నెమరేస్తున్నాయి. నన్ను చూసి అవ్వ ఏడ్చేసింది. "సారూ, జీవాలు లోపలికి పాయె. కొడుకు, కోడలు అంగడికి పాయిరి. ఒక్కటి గూడ నా మాట ఇంటలేదు. ఏం జెయ్యాలె సారూ?"

నేను చెప్పులు విప్పి, గడప దాటి, మేకల మధ్యకు పోయి నేలమీద కూర్చున్నాను. అవ్వ కెవ్వుమంది.

"ఇంట్ల ఏం లేదవ్వా" అన్నాను. "మిగతా ఇండ్లల్ల ఉన్నంతనే, వేరే ఏ గాలీ లేదు. నువ్వు డబ్బీని పాతర్ల పెట్టినవ్ గద, గది పాతర గాలి. నేను తెల్వక ఇంటి మీద పెట్టిన. తప్పు నాది. మీ ముసలాయన ఈ ఇంటితోని పోలేదు. లోపలికి రా."

ఆమె కదల్లేదు. గొంగడిమీంచి నీళ్లు కారుతున్నాయి.

"నీకెప్పుడెరుకైంది?"

దీనికి మాత్రం "ఇయ్యాలనే" అంటే ఎవరికి తెలుస్తుంది? నాలుక చివరిదాకా వచ్చింది. "మంగళారం. నువ్వు పాతర ముచ్చట చెప్పినప్పుడే" అన్నాను.

అవ్వ వేళ్లు మడిచింది. "మంగళారం. బుధారం. బేస్తారం. మూడు దినాలు."

అవ్వ గడప దాటి లోపలికి వచ్చింది. నన్ను దాటుకుని నేరుగా ఫొటో ముందుకు పోయి నిలబడింది.

"ఇన్నవా? ఇల్లు గాదంట. నీ బీడీలేనేమో! ఇన్ని దినాల సంది పెట్టిన దండాలన్ని వాపస్ తీసుకుంటున్న."

అని కొంగుతో ఆ ఫొటో అద్దం తుడిచింది. చాలాసేపు తుడిచింది. తర్వాత బయటికి పోయి, రేకుల కింద దాచిన గంపలోంచి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తెచ్చి నా ముందు పెట్టింది. వద్దన్నాను. ఈ తిండి తినే మొహం కాదు నాది అన్నాను.

అవ్వ నా ఎదురుగా కూర్చుని, పక్కనున్న మేకపిల్లను ఒడిలోకి లాక్కుంది. "బీడీ ఇడిసిపెట్టిన అని నా తలమీద చెయ్యి బెట్టి చెప్పిండాయన. పోయినంక సూరు కింద సదురుతుంటె మూడు కట్టలు దొరికినయ్. నాకు చెప్పకుంటనే పోయిండు బిడ్డా. నువ్వు మూడు దినాలకన్న వచ్చి చెప్తివి. తిను."

ఫొటో వైపు చూడకుండా రొట్టె తుంచుకున్నాను.